తుఫానప్పుడు టీవీలో మన ఊరు ఎక్కడ? కోనసీమ, పశ్చిమ డెల్టా వాళ్ళు చెప్పండి

లంకపొలం (మామిడికుదురు)

మొంథా తుఫాను దాటి ఇన్నాళ్ళయినా నాకు ఒకటి మింగుడుపడటం లేదండి, అందుకే ఈ టాపిక్ మొదలెట్టాను. 2025 అక్టోబరు 28న పొద్దున్న పెట్టిన టీవీ రాత్రి కరెంటు పోయేదాకా మా ఇంట్లో మోగుతూనే ఉంది. ఏ ఛానల్ తిప్పినా ఉప్పాడ బీచ్ రోడ్డే. ఆ రాళ్ళ మీద కెరటం లేవడం, రెయిన్‌కోటు వేసుకున్న రిపోర్టరు ఒంగిపోయి అరవడం, కింద ఎర్ర పట్టీలో "కాకినాడ వైపు దూసుకొస్తున్న తుఫాను". సరే, వాతావరణ శాఖ హెచ్చరికలోనే కాకినాడ పరిసరాలని ఉంది, ఆ మాట కాదనను. కానీ మా చేలు గింజ పాలు పోసుకుని వెన్ను బరువెక్కి ఉన్నాయి, ఓ ఈడుపు గాలి వస్తే పడిపోయేలా. ఈ రాత్రి మా వైపు ఎంత వాన, రేపు డ్రెయిను లాగుతుందా లేదా, నాకు కావాల్సింది అదీ. అది మాత్రం ఎవడూ చెప్పలేదు. ఆఖరికి తుఫాను దాటింది నరసాపురం దగ్గర. అంటే మా నెత్తి మీద! మర్నాడు పొద్దున్న కూడా టీవీలో మళ్ళీ ఉప్పాడ రోడ్డే.

మీరంతా ఏం చూస్తారు, చూసి ఏం చేస్తారు? నిజంగా టీవీ చూసి ఎవరైనా ఒక్క పని ముందు చేసుకున్నారా?

భీమారం కోడలు

మా ఇంట్లో గొడవ వేరేలెండి. మా అత్తగారు సాయంత్రం ఆరు దాటితే న్యూస్ పెట్టనివ్వరు. సీరియల్ నడుస్తుంటే ఆ ఛానల్ వాళ్ళే కుడిపక్క ఒక డబ్బా, కింద ఒక పట్టీ వేసి అందులో తుఫాను మ్యాపు తిప్పుతూ ఉంటారు. హీరోయిన్ మొహం సగం మూసేశారని ఆవిడ నా చేత కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయించారు, అబద్ధం కాదు. వాళ్ళేమో పైనుంచి అలాగే వస్తోందమ్మా అన్నారు.

కానీ ఒకటి చెప్పాలి. అదే పట్టీలో మండలాల పేర్లు వస్తే మాత్రం ఆవిడ డైలాగులు వదిలేసి అవే చదువుతారు. "ఆచంట చెప్పాడు, పెనుగొండ చెప్పాడు, మనది చెప్పలేదేంటే" అని నన్ను అడుగుతారు. పిడుగులప్పుడూ అంతే. విపత్తుల సంస్థ వాళ్ళు మండలాల వారీగా ఇస్తారు కదా, టీవీ వాళ్ళు ఆ లిస్టు మొత్తం ఒక్క ఉరుకులో పరిగెత్తిస్తారు, వీరవాసరం దగ్గర మొదలెట్టి ఉండి మండలం కనపడేలోపు షాంపూ యాడ్ వచ్చేస్తుంది. మ్యాపు తీసేసి ఆ పేర్లు నిదానంగా వేస్తే మా అత్తగారు సీరియల్ పోయినా ఏమీ అనరు.

చెరువుగట్టు (ఆకివీడు)

నేను టీవీ చూడటం మానేసి చాలా కాలమైంది. వెనామీ రొయ్య వేసినవాడికి తుఫానంటే గాలి ఒక్కటే కాదు. రెండు రోజులు మబ్బు మూసుకుంటే చాలు, చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. అదే టైమ్‌లో కరెంటు తీసేస్తారు. అంటే నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు జనరేటర్ మీదే తిరగాలి. అంటే డీజిల్ ముందే తెచ్చి పెట్టుకోవాలి, బంకులో క్యాన్‌లో పోయడం ఆపేసేలోపు. మరి నాకు కావాల్సిన ముక్క "కరెంటు ఎప్పుడు తీస్తారు, ఎన్ని గంటలు" అని. ఇది టీవీలో ఎప్పుడైనా విన్నారా? వాళ్ళ లెక్కలో తుఫానంటే కెరటాలు, విరిగిన చెట్టు, అధికారుల సమీక్ష, అంతే.

నేను మచిలీపట్నం రాడార్ బొమ్మ ఫోన్‌లో చూసుకుంటా. వాతావరణ శాఖ సైట్‌లో ఊరికే దొరుకుతుంది. మనకి అటు మచిలీపట్నం, ఇటు విశాఖ, రెండు రాడార్లు ఉన్నాయి. పచ్చది పసుపు, పసుపు ఎరుపు అవుతూ కైకలూరు వైపు నుంచి వస్తుంటే అరగంటలో నా మీద పడుతుందని తెలిసిపోతుంది. యాంకర్ అక్కర్లేదు.

లంకపొలం

మీకు ఫోన్ ఉంది, చూడటం తెలుసు. మా నాన్నకి డెబ్బై నాలుగు. ఆయనకి టీవీయే రాడార్.

మేస్టారు (ముమ్మిడివరం, రిటైర్డ్)

బాబూ, అసలు బులెటిన్‌లో చాలా ఉంటుంది. టీవీకి వచ్చేసరికి పొట్టు ఉంచి గింజ పారేస్తున్నారు. మీకు నాలుగు సంగతులు చెబుతాను, ఓపిగ్గా చదవండి.

"ఒకటి రెండు చోట్ల అతిభారీ వర్షాలు" అంటారు చూశారా, అది నోటికొచ్చిన మాట కాదు. ఆ ప్రాంతంలో ఉన్న వానమాపక కేంద్రాల్లో పాతిక శాతం లోపు చోట్ల అని దాని లెక్క. "కొన్నిచోట్ల" అంటే సగం దాకా. "చాలాచోట్ల" అంటే అంతకు పైన. అలాగే "భారీ" అంటే రోజుకి 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 దాకా, "అతిభారీ" అంటే 204.4 దాకా, ఆ పైన "అత్యంత భారీ". రోజంటే ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30. ఈ అంకెలు తెలిస్తే మీకే ఒక అంచనా వస్తుంది. 100 మిల్లీమీటర్లు పడితే ఎకరం మీద దాదాపు నాలుగు లక్షల లీటర్లు. అది మీ కోడులోంచి (చేలో నీళ్ళు పోయే చిన్న కాలవ) దిగాలి, అక్కణ్నుంచి డ్రెయినులోకి, అక్కణ్నుంచి సముద్రంలోకి. టీవీలో యాంకరు "కుండపోత" అంటాడు. ఎంత కుండో చెప్పడు.

ఇక రేవు నంబర్లు. "కాకినాడ పోర్టులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక" అనగానే ఊరంతా పదికి పది మార్కుల తుఫాను అనుకుంటారు. అది ఓడలకి పెట్టిన గుర్తు. ఎనిమిది, తొమ్మిది, పది మూడూ పెద్ద ప్రమాదాలే, తేడా అల్లా తుఫాను ఆ రేవుకి ఏ పక్కగా పోతుందన్నదే. పదంటే రేవు మీదుగానో బాగా దగ్గరగానో దాటుతుందని. పదకొండు కూడా ఉంది. అదేమిటో ఏ ఛానల్లోనూ విన్న గుర్తు లేదు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం.

మూడోది మనకి ప్రాణం లాంటిది. మన తీరంలో తుఫాను వాయవ్యంగా వస్తుంటే దానికి కుడిపక్క ఉన్నవాళ్ళ మీదే గాలి సముద్రం మీంచి నేల మీదికి కొడుతుంది, ఉప్పెన వచ్చేదీ అటే. అది మచిలీపట్నం, నరసాపురాల మధ్య దాటితే కుడిపక్క ఎవరు? కోనసీమ. అదే కాకినాడకి ఉత్తరాన దాటితే మనం ఎడమపక్క, గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది. వంద కిలోమీటర్ల లోపు తేడాతో మన కథ మొత్తం మారిపోతుంది. కాకినాడకీ నరసాపురానికీ తిన్నగా కొలిస్తే సుమారు 80 కిలోమీటర్లే. అంత తేడా ముందురోజు అంచనాలో ఉండటం వింతేమీ కాదు. వింతల్లా టీవీలో సన్నటి గీత గీసి, చివర బాణం పెట్టి, దాని మొనని ఒక ఊరి మీద గుచ్చడం.

నాలుగోది రేపు రాస్తాను, చెయ్యి నొప్పెడుతోంది.

భాగ్యనగరం బాబు

నాది ఐ.పోలవరం మండలం, ఉద్యోగం ఇక్కడ హైదరాబాద్‌లో. మా బాధ మీకు తెలీదు. టీవీలో "పోలవరంలో ఈదురుగాలులు" అని ఒకసారి స్క్రోల్ వస్తే చాలు, మా ఆవిడ ఫోన్ పట్టుకుంటుంది. అది ప్రాజెక్టు దగ్గర పోలవరమా మాదా? పి.గన్నవరం వాళ్ళకీ ఇదే గోల, విమానాశ్రయం ఉన్న గన్నవరంతో. 2022లో జిల్లాలు విడగొట్టాక ఇంకా కలగాపులగం. ఇప్పుడు తూర్పు గోదావరి జిల్లాకి సముద్రమే లేదు, కానీ "తూర్పు గోదావరి తీరంలో అలలు" అని ఇంకా వింటూనే ఉన్నాం. తూర్పు గోదావరికి ఆరెంజ్ హెచ్చరిక అంటే రాజమండ్రికా, కోనసీమ కూడా కలిపేనా?

ఇక్కడ కూర్చుని చూస్తే అసలు కంటే ఎక్కువ టెన్షన్ అండి. అమ్మకి ఫోన్ చేస్తే "వాన పడుతోందిరా, పకోడీ వేస్తున్నా" అంటుంది. ఇక్కడేమో స్క్రీన్ మొత్తం ఎర్రగా తిరుగుతోంది, డప్పులు మోగుతున్నాయి. ఆ మ్యూజిక్ ఒక్కటి తీసేసినా సగం బీపీలు తగ్గుతాయి.

పాత స్ట్రింగరు

ఛానళ్ళని తిట్టేవాళ్ళంతా తిట్టారు కాబట్టి ఇప్పుడు నేను చెబుతా. నేను అమలాపురం నుంచి కొన్నేళ్ళు స్ట్రింగరుగా, అంటే జీతం లేకుండా వార్తకింత అని పంపే విలేకరిగా చేశాను, ఏ ఛానలో అడగకండి.

ఉప్పాడ ఎందుకంటే, అక్కడ రోడ్డు సముద్రాన్ని ఆనుకునే ఉంది. కారు దిగితే కెరటం, వెనకాలే కాకినాడ, హోటలు, సిగ్నలు. లైవ్ ఇచ్చే బ్యాక్‌ప్యాక్‌లో నాలుగైదు సిమ్ములు ఉంటాయి, వాటికి టవర్ కావాలి. అదే ఓడలరేవు వెళ్ళాలన్నా అంతర్వేది వెళ్ళాలన్నా సన్న రోడ్డు, రెండు పక్కలా కొబ్బరి చెట్లు. ఒక్కటి అడ్డం పడిందంటే బండీ మనిషీ అక్కడే. అప్పుడు డెస్కు వాడు ఫోన్ చేసి "విజువల్ ఏదీ" అంటాడు. నేను చేలో నీళ్ళు నిలిచాయని పంపిస్తే "ఇది మామూలు వానకీ ఇలాగే ఉంటుంది కదా, వేరే ఏమైనా ఉందా" అనేవాడు. చేలో నీళ్ళు కెమెరాకి కదలవు కదండీ, ముంపుకి బొమ్మ ఉండదు. చెట్టుకి ఉంటుంది, కెరటానికి ఉంటుంది. అందుకే మన నష్టం టీవీలో కనపడదు.

ఫోనో, అంటే ఫోన్లోనే లైవ్ మాట్లాడమని అడిగేవాళ్ళు. సరే అని మండలాల వారీగా రాసుకుని కూర్చునేవాణ్ణి. యాంకరు "అక్కడ పరిస్థితి ఎలా ఉంది, ప్రజలు భయాందోళనలతో ఉన్నారా" అని అడిగి, నేను అల్లవరం అనేలోపే "థాంక్యూ" అనేది. పాత ఫుటేజీ సంగతి అందరికీ తెలిసిందే. మూలన చిన్నగా ఫైల్ అని వేస్తారు, ఒక్కోసారి అదీ వేయరు. హుద్‌హుద్‌లో విశాఖ చెట్లు ఎన్ని తుఫాన్లలో పడ్డాయో లెక్కలేదు.

డెస్కులో కూర్చున్నవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. వాళ్ళకి రాష్ట్రం మొత్తం ఒకే స్క్రీను. శ్రీకాకుళం వాడూ చూడాలి, నెల్లూరు వాడూ చూడాలి. మామిడికుదురు కోసం రెండు నిమిషాలు ఇస్తే మిగతావాళ్ళు ఛానల్ మార్చేస్తారని వాళ్ళ భయం.

లంకపొలం

అంటే మాకు చెప్పాల్సింది చెబితే వేరేవాళ్ళకి బోరు. బాగుందండి. వేరేవాళ్ళకి బోరు కొట్టకుండా మేం ఇంట్లో ఇన్వర్టరు మీద ఉప్పాడ చూడాలి.

పాత స్ట్రింగరు

కోపం వద్దు బాబాయ్, నేను మానేసింది కూడా అందుకే.

కాట్రేనికోన పెద్దాయన

96 తుఫాను గురించి ఎవరూ రాయలేదేంటి. నవంబరు 6. అప్పుడు నాకు ముప్పై దాటాయి. కొబ్బరి తోటలన్నీ మొదలంటా లేచిపోయాయి, మొత్తం మీద వెయ్యి మందికి పైగా పోయారు, భైరవపాలెం, బలుసుతిప్ప పేర్లు చెబితే ఇప్పటికీ ఈ వైపు జనం మాట మారుస్తారు. అప్పట్లో మా పల్లెలో టీవీ ఉన్న ఇళ్ళు వేళ్ళమీద లెక్క, రేడియో వినేవాళ్ళం. రాత్రి గాలి ఒక్కసారి ఆగిపోయింది. అయిపోయిందనుకుని కొంతమంది బయటికొచ్చి దూడల్ని చూసుకుంటున్నారు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మొదలైంది, అది ముందుదాని కంటే గట్టిది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు టీవీలో "తీరం దాటింది" అని పెద్దక్షరాలు పడగానే మా మనవలు "అయిపోయింది తాతా" అంటారు. తుఫాను కన్ను, అంటే గాలి ఆగిపోయే ఆ నడిమి భాగం, నేల మీదికి ఎక్కితే వెనక సగం ఇంకా సముద్రంలోనే ఉంటుంది. "దాటడం మొదలైంది, పూర్తవడానికి ఇన్ని గంటలు" అని వాతావరణ శాఖ చెబుతూనే ఉంటుంది, ఆ రెండో ముక్క టీవీలో చిన్నక్షరాల్లో పోతుంది.

భాగ్యనగరం బాబు

పెద్దాయన గారూ, మరి ప్రతిసారీ అంత భయపెడితే జనం నమ్మడం మానేస్తారు కదా. 2013 గుర్తుందా? నవంబరు 22న హెలెన్ తుఫాను వచ్చి వరి పాడుచేసింది. వారం తిరక్కుండా లెహర్ అన్నారు, అతి తీవ్రం అన్నారు, మా వాళ్ళందర్నీ స్కూల్లో పెట్టారు. 28న చూస్తే అది సముద్రంలోనే బలహీనపడి వాయుగుండంగా మచిలీపట్నం దగ్గర దాటింది. పులిహోర తిని ఇంటికొచ్చారు. ఆ తర్వాత మా పెదనాన్న ఇల్లు కదల్లేదు, ఎవరు చెప్పినా.

కాట్రేనికోన పెద్దాయన

బలహీనపడటం నీ అదృష్టం నాయనా. 96లో మమ్మల్ని అలా స్కూల్లో పెట్టి పులిహోర పెట్టి ఉంటే చాలామంది ఇవాళ ఉండేవాళ్ళు.

భాగ్యనగరం బాబు

అది ఒప్పుకుంటానండి. నేనంటున్నది ఖాళీ చేయించడం గురించి కాదు, అది చెయ్యాల్సిందే. లెహర్ బలహీనపడుతోందని వాతావరణ శాఖ బులెటిన్లలో మెట్టు మెట్టుగా చెప్పింది, కానీ టీవీలో చివరిదాకా అదే ఎర్ర చక్రం, అదే డప్పు. పైకి ఎక్కించేటప్పుడు ఉన్న హుషారు దించేటప్పుడు ఉండదు. దిగింది అని అదే గొంతుతో చెబితే జనం మళ్ళీసారి నమ్ముతారు.

బోటువాలా (అంతర్వేది)

మాకు టీవీ లేటు. వేటకెళ్ళొద్దని టీవీలో వచ్చేసరికి బోట్లు కట్టేసి ఉంటాయి. ఫిషరీస్ వాళ్ళు ఫోన్‌కి పెడతారు, మైకులో చెబుతారు, నీటి రంగూ అలల వరసా చూసి మా పెద్దోళ్ళకి ముందే తెలుస్తుంది. వల ఎక్కడ పెట్టాలి, బోటు ఏ మొగలోకి (ఏరు సముద్రంలో కలిసే చోటు) తేవాలి అనేది టీవీ చెప్పేది కాదు. అంతే.

కేబుల్ తమ్ముడు (రాజోలు వైపు)

ఆయ్, నన్ను కూడా మాట్లాడనివ్వండి. నేను కేబుల్ కంట్రోల్ రూమ్‌లో పనిచేస్తా. తుఫాను రాత్రి మాకొచ్చే ఫోన్లు మీరు వినాలి. సగం "బొమ్మ రావట్లేదు", సగం "మా ఊరికి ఏమైనా ప్రమాదమా". రెండోదానికి నేనేం చెప్పగలను, తహసీల్దార్ ఆఫీసు నుంచి వచ్చిన కాగితం లోకల్ ఛానల్లో స్క్రోల్ వేస్తాం. అది మా ఏరియాలో ఎంతమంది చూస్తారో మీరే చెప్పండి, పెళ్ళి వీడియోలూ బంగారం యాడ్లూ వచ్చే ఛానలు.

బొమ్మ సంగతి ముందు చెబుతా. డిష్ పెట్టుకున్నవాళ్ళకి జోరువానలో సిగ్నల్ పోతుంది, అది డిష్ తప్పు కాదు, ఆ ఫ్రీక్వెన్సీలో వాన చినుకులు సిగ్నల్‌ని మింగేస్తాయి. సిగ్నల్ పట్టి ఇళ్ళకి పంపే మా హెడ్ఎండ్‌లో పెద్ద డిష్షులు వేరే బ్యాండు, వాటికి వాన అంతగా తగలదు. కానీ మా కష్టం వైరు. ఒక్క కొబ్బరి మట్ట ఫైబర్ మీద పడితే వీధి మొత్తం పోతుంది. నోడ్ దగ్గర బ్యాటరీలు కొన్ని గంటలే. ఇంత చేసి ఇంట్లో కరెంటు లేకపోతే ఏం లాభం. కాబట్టి నిజం చెప్పాలంటే టీవీ పనికొచ్చేది గాలి మొదలవకముందే. అసలు టైమ్‌లో అది చీకటి.

ఇప్పుడు అసలు మాట. సెట్‌టాప్ బాక్సులకి నేరుగా మెసేజ్ కొట్టొచ్చని చాలామందికి తెలీదు. బిల్లు కట్టమని నీలం పట్టీ వస్తుంది చూడండి, అదే. కేబుల్ని డిజిటల్ చేసినప్పుడు రూల్స్‌లోనే ఉంది, అన్ని బాక్సులకీ ఒకేసారి పంపొచ్చు, ఒక గుంపుకి పంపొచ్చు, ఒక్క బాక్సుకి కూడా పంపొచ్చు. కనీసం 120 అక్షరాలు పట్టాలి. అంటే సీరియల్ చూస్తున్నా సినిమా చూస్తున్నా, సఖినేటిపల్లి మండలం బాక్సుల్లో మాత్రమే సఖినేటిపల్లి సంగతి వేయొచ్చు. డబ్బులు వసూలుకి వాడుతున్నాం గానీ ఇలాంటిదానికి ఎవరూ అడగలేదు.

భీమారం కోడలు

తమ్ముడూ, ఇది ముందే చెప్పొచ్చుగా! మా అత్తగారికి చూపించాలి. ఆవిడ ఆ నీలం పట్టీని మాత్రం చచ్చినా వదలకుండా చదువుతారు, కట్టలేదేమో అని.

చెరువుగట్టు (ఆకివీడు)

మంచిదే, కానీ ఏం రాస్తారు అందులో? "అప్రమత్తంగా ఉండండి" అని రాస్తే ఫోన్‌కి వచ్చేదే ఇక్కడా వచ్చినట్టు. 2023లో ఫోన్లన్నీ ఒకేసారి కూసిన టెస్ట్ మెసేజ్ గుర్తుందా, మా పాలేరు ఫోన్ పేలిపోతుందని గట్టు మీద పెట్టి దూరంగా నుంచున్నాడు. శబ్దం బాగానే ఉంది. శబ్దం తర్వాత మాట ఏంటన్నదే.

మేస్టారు (ముమ్మిడివరం, రిటైర్డ్)

నాలుగోది రాస్తానన్నాను, సరిగ్గా దానికే వచ్చారు.

మనవాళ్ళు వరదని ఎలా చూస్తారో గమనించండి. టీవీలో "ధవళేశ్వరం 11.75 అడుగులు, మొదటి ప్రమాద హెచ్చరిక" అంటే లంకల్లో చదువు రాని ముసలమ్మ కూడా లేచి గేదెని విప్పుతుంది. 13.75 రెండోది, 17.75 మూడోది. ఎందుకంటే ఆ అంకెకీ తన వాకిటికీ లంకె ఆవిడకి తెలుసు. మొదటిది పడేసరికి కనకాయలంక కాజ్‌వే ఎక్కలేమని తెలుసు, రెండోదానికి ఏ గుడి మెట్టు మునుగుతుందో తెలుసు. పైనుంచి భద్రాచలం అంకె వస్తే, అక్కడ మూడు హెచ్చరికలూ 43, 48, 53 అడుగులకి, మన దగ్గరకి రావడానికి ఇంకా టైమ్ ఉందని కూడా తెలుసు. 2022 జులైలో భద్రాచలం 71.3 అడుగులు అనగానే ఎవరూ యాంకరు గొంతు కోసం ఆగలేదు, పడవ ఎక్కడుందని అడిగారు. అదే టీవీ, అదే డప్పు. అయినా పనికొచ్చింది, ఎందుకంటే చూసేవాడి దగ్గర కొలబద్ద ఉంది.

తుఫానుకి ఆ కొలబద్ద లేదు మనకి. "గంటకి 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి" అంటే నా పెంకుటింటికి ఏమవుతుంది? "అతిభారీ వర్షం" అంటే మా డ్రెయిను ఎక్కడిదాకా పొంగుతుంది? టీవీ చెప్పలేదు, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చున్నవాడికి అది తెలియదు కూడా. చెప్పాల్సింది ఇక్కడివాళ్ళు. పెథాయ్ తుఫాను నాడు, 2018 డిసెంబరు 17న, ఇక్కడ దగ్గర్లోనే దాటింది, వరి కుప్పలు తడిసి మొలకలొచ్చాయి, మొలక ఆగాలని ఉప్పునీళ్ళు చల్లుకున్నాం. ఆ రోజు మీ మండలంలో ఎన్ని మిల్లీమీటర్లు, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి, ఎన్నాళ్ళకి దిగాయి, ఎవరైనా రాసిపెట్టారా? మండలాల్లో ఆటోమేటిక్ వానమాపకాలు ఉన్నాయి, అంకె దొరుకుతుంది. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయన్నది మాత్రం మీరే రాయాలి.

ఇంకోటి, పోటు. డ్రెయిను సముద్రంలోకి లాగాలంటే ఆటు ఉండాలి. పోటు మీద నీళ్ళు దిగవు, ఎదురొస్తాయి. రోజుకి రెండు పోట్లు, రోజురోజుకీ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి, అమావాస్యకీ పున్నమికీ పెద్దవి. మొంథా వచ్చిన రాత్రికి కార్తీక పున్నమి ఇంకా వారం ఉంది, నవంబరు 5న కదా, కాబట్టి చిన్న పోట్ల రోజులు. అదే పున్నమి నాడు వచ్చి ఉంటే లెక్క వేరు. ఈ మాట ఏ ఛానల్లోనైనా విన్నారా?

లంకపొలం

మేస్టారూ, దండం. మా నాన్న ఇది చదివించుకుని "పోటు సంగతి నేను చెబుతూనే ఉన్నా కదరా" అంటున్నారు. నిజమే, ఆయన చెబుతూనే ఉన్నారు, నేనే టీవీ సౌండు పెంచుతున్నా.

పాత స్ట్రింగరు

మేస్టారు చెప్పింది కరెక్ట్, కానీ ఒక చిక్కు. అధికారుల సంతకం లేకుండా "మీ డ్రెయిను పొంగుతుంది" అని కేబుల్‌లో వేస్తే రేపు కుర్రాడి మీద కేసు పెడతారు. వదంతులు అని. కాబట్టి హెచ్చరిక తహసీల్దార్ కాగితంలో ఉన్నదే వేయాలి, పక్కన పాత లెక్క వేయొచ్చు. అది జరిగిపోయినది, వదంతి కాదు.

చెరువుగట్టు (ఆకివీడు)

అది బాగుంది. "ఇంత పడొచ్చని హెచ్చరిక. పెథాయ్‌కి ఇంత పడితే నీళ్ళు ఫలానా వంతెన దాకా." చదివినవాడికి మిగతాది వాడే ఊహించుకుంటాడు. కరెంటు ఎప్పుడు తీస్తారో కూడా సబ్‌స్టేషన్‌లో అడిగి పెట్టు తమ్ముడూ, నీకు పుణ్యం ఉంటుంది.

కేబుల్ తమ్ముడు (రాజోలు వైపు)

మా ఓనరుతో మాట్లాడా. ఖర్చేం లేదు కాబట్టి సరే అన్నారు, బిల్లు మెసేజ్ ఆపకూడదని మాత్రం చెప్పారు. మలికిపురం, సఖినేటిపల్లి, రాజోలు బాక్సులు మూడు గుంపులుగా విడదీస్తున్నా. రెండు ఇబ్బందులున్నాయి. పాత బాక్సుల్లో తెలుగు ఫాంటు లేదు, గడులు గడులుగా వస్తుంది, వాటికి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయాలి. రెండోది, తెలుగులో ఒత్తులూ గుణింతాలూ కూడా ఒక్కో అక్షరం కింద లెక్కేస్తుంది, అందుకే 120 అంటే చాలా తక్కువ. నమూనా ఇదీ:

"సఖినేటిపల్లి: రేపు ఉ.8.30 దాకా అతిభారీ వాన. పోటు రా.11కి. కరెంటు రా.8 నుంచి ఉండదు. సాయం 1070"

టైములు ఊరికే వేశాను, నమూనాకే.

భీమారం కోడలు

"అతిభారీ" తీసేసి అంకె వెయ్యి. మా అత్తగారు అంకె అయితే గుర్తు పెట్టుకుంటారు.

మేస్టారు (ముమ్మిడివరం, రిటైర్డ్)

"115 మి.మీ. పైన" అని వేయి. పోటు టైము కాకినాడ పట్టికలోంచి తీస్తావు గదా, అంతర్వేది మొగకి కాస్త తేడా ఉంటుంది. బోటువాలాని అడుగు.

బోటువాలా (అంతర్వేది)

ఫోన్ చెయ్యమనండి, చెబుతా. పొద్దున ఎనిమిది లోపు అయితే రేవులో ఉంటా.

కేబుల్ తమ్ముడు (రాజోలు వైపు)

చేస్తా అన్నా. మామిడికుదురు మా లైన్ కాదు లంకపొలం గారూ, అక్కడ వేరే ఆపరేటరు. ఆయన నంబరు మీకు మెసేజ్ పెట్టా, మీరే వెళ్ళి అడగండి. పెథాయ్ నాటి నీళ్ళ లెక్క మీ నాన్నగారి దగ్గర రాయించుకుని వెళ్తే పని తొందరగా అవుతుంది.